ఫోన్‌ను పృచ్ఛకుడిగా కూర్చోబెడితే

అష్టావధానంలో వేదిక మీద అవధాని ఒక్కరే, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషేధాక్షరి చేసేవారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏకాగ్రత చెదరగొట్టడానికే కూర్చుంటారు. చివర ధారణ సమయంలో అవధాని కాగితం చూడకుండా పద్యాలన్నీ అప్పజెప్పాలి. పృచ్ఛకుడే అందుకుని పద్యం పూర్తిచేసి ఇస్తే దాన్ని ఎవరూ అవధానం అనరు. కానీ పరీక్షలకు చదివే పిల్లల ఫోన్లలో ఇప్పుడు చాలావరకు జరుగుతున్నది అదే. ప్రశ్న పిల్లలు వేస్తున్నారు, జవాబు యాప్ చెబుతోంది. ఈ వరుస తిరగబడాలని నా వాదన. యాప్ అడగాలి, పిల్లలు చెప్పాలి.

పరీక్షల చదువు నెల్లూరుకు కొత్త కాదు. ఇవాళ దేశమంతా బోర్డులు కనిపించే నారాయణ సంస్థలు 1979లో ఈ ఊళ్లోనే చిన్న లెక్కల కోచింగ్‌గా మొదలయ్యాయి. అప్పటి నుంచి తీరం వెంబడి ఊళ్లలో కాస్త కూడబెట్టిన ప్రతి కుటుంబమూ పిల్లల్ని టౌన్‌లో హాస్టల్లో వేయాలనే చూసింది. ఆ ఫీజుతో వాళ్లు కొనుక్కున్నది ఏమిటి? పాఠం మాత్రమే అనుకుంటే పొరపాటు. పాఠం ఊళ్లో బడిలోనూ చెబుతారు. హాస్టల్లో అదనంగా దొరికింది వారం వారం పరీక్ష, తప్పులు దిద్దిన పేపరు, మళ్లీ అదే చాప్టర్ మీద ఇంకో పరీక్ష. ఆ ఒత్తిడి పిల్లల్ని ఎంత నలిపేసిందో వేరే చెప్పుకోవాలి, ఆ పద్ధతిని నేను వెనకేసుకు రావడం లేదు. అయితే అందులో పనిచేసిన ముక్క ఏదో గుర్తుపట్టాలి. పదే పదే అడగడమే ఆ ముక్క. ఇప్పుడు దానికి లక్షలు పోయనక్కర్లేదు. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ 2020లో అభ్యాస్ అనే యాప్‌లో జేఈఈ, నీట్ మాక్ టెస్టులను ఉచితంగా పెట్టింది. నీట్ 2017 నుంచి, జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. నెల్లూరు తీరంలోని మైపాడులో ఉన్న పిల్లకూ టౌన్ హాస్టల్లో ఉన్న పిల్లకూ మధ్య దూరం కాస్తయినా తగ్గే అవకాశం ఇక్కడ ఉంది.

ఈ అవకాశాన్ని మనం ఎక్కువగా వాడుకున్నది పాఠం చూపించడానికే. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఉపాధ్యాయులతో కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు. నెట్ లేకపోయినా పాఠం నడిచేలా చేయడం మంచి ఆలోచనే. కానీ వీడియో ఎంత బాగున్నా చూసేవాడికి అర్థమైనట్టు ఉంటుంది, అంతే. అర్థమైనట్టు ఉండటానికీ గుర్తుండటానికీ ఎంత తేడానో 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరిని రెండోసారి చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత లెక్క తారుమారైంది. చదివినవాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు 56. పరీక్ష వచ్చేది ఐదు నిమిషాలకు కాదు కదా!

కృత్రిమ మేధ వచ్చాక ఈ తేడా మరీ పెద్దదైంది. 2023లో తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో లెక్కల మీద ఒక ప్రయోగం చేశారు. అడిగిందల్లా చెప్పే చాట్‌బాట్ ఇచ్చినప్పుడు అభ్యాసంలో వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ముట్టని పిల్లల కన్నా 17 శాతం తక్కువ వచ్చాయి. తాము వెనకబడ్డామని వాళ్లకు తెలియకపోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మరో బృందానికి జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే బాట్ ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. నిజానికి వాళ్లకు పరీక్షలో చెప్పుకోదగ్గ లాభమూ రాలేదు. కాబట్టి ఈ పనిముట్టును అమృతంలా చూడనక్కర్లేదు. కానీ నష్టం జరిగేదీ లేనిదీ దాన్ని ఎలా వాడామన్న దాని మీదే ఉందని తేలింది.

ఒక ఉదాహరణ చూద్దాం. మైపాడు తీరంలో మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊరి వైపు ఎందుకు వీస్తుంది? చాట్‌బాట్‌ను అడిగితే నాలుగు వాక్యాల్లో చక్కగా చెబుతుంది. ఇసుక త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి తేలికై పైకి పోతుంది, ఆ చోటికి నీళ్ల మీది చల్లగాలి వస్తుంది. చదివిన పిల్ల తల ఊపుతుంది. ఇప్పుడు ఫోన్ బోర్లా పెట్టి ఆ నాలుగు వాక్యాలూ కాగితం మీద రాయమనండి. ఎర్రటి ఎండలో ఇసుక మీద కాళ్లు కాల్చుకుంటూ పరిగెత్తి నీళ్లలో దిగిన పిల్లే, ‘ఇసుకే ఎందుకు త్వరగా వేడెక్కింది’ అన్నచోట ఆగిపోతుంది. విశిష్టోష్ణం అన్న మాట నోటి చివర ఉండి బయటికి రాదు. ఆ ఆగిపోయిన చోటే ఆమె చదవాల్సిన చోటు. చదువుతున్నంతసేపూ అది కనిపించదు, రాయబోతేనే దొరుకుతుంది. అందుకని చాట్‌బాట్‌కు చెప్పాల్సింది ఇలా ఉండాలి: ‘విశిష్టోష్ణం మీద నన్ను ఐదు ప్రశ్నలు అడుగు. ఒక్కొక్కటే అడుగు. నేను రాసేదాకా జవాబు చెప్పొద్దు. తప్పు రాస్తే ముందు చిన్న క్లూ ఇవ్వు.’ తెలుగులో ఇలా టైప్ చేస్తే చాలు, అది పృచ్ఛకుడి పీట మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఇది బట్టీనే కదా అని కొందరు అంటారు. బట్టీ అంటే పుస్తకంలోని వరుసలోనే వల్లించడం. అడిగేవాడు ప్రశ్నను అటూ ఇటూ తిప్పి వేస్తే బట్టీ నిలవదు. రాత్రి పదకొండింటికి డౌట్ వస్తే అడగడానికి ఎవరున్నారు, అప్పుడు కూడా జవాబు అడగకూడదా అని ఇంకొందరి ప్రశ్న. ట్యూషన్ లేని ఇంట్లో ఇది చాలా న్యాయమైన ప్రశ్న. తప్పకుండా అడగాలి. అడిగి, చదివి, మూసి, అదే లెక్కను అంకెలు మార్చి సొంతంగా చేయాలి. ఇక చాట్‌బాట్ తప్పులు చెబుతుందన్నది నిజం. తెలుగు పారిభాషిక పదాల దగ్గర మరీ తడబడుతుంది, అదీ ఎంతో ధీమాగా. తీర్పు చెప్పాల్సింది పాఠ్యపుస్తకమే. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నాయి కాబట్టి సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. నీట్‌లో ఒక తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కనుక ఆ సరిచూసుకోవడం బద్ధకించే పని కాదు.

చివరి అభ్యంతరానికి మాత్రం యాప్‌లో జవాబు లేదు. తీరంలో చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే. అది నాన్నతో పాటు వేటకో, రొయ్యల గుంటల కాపలాకో పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. నీట్, ఈఏపీసెట్ రోజులు మామూలుగా ఆ నెలల్లోనే వస్తాయి కాబట్టి అప్పుడు పడవతో పాటు ఫోన్ కూడా ఒడ్డున ఉండవచ్చు. మిగతా పది నెలల మాటేమిటి? ఫోన్ ఇంట్లో ఉన్న ఇరవై నిమిషాల్లో ప్రశ్నలు రాబట్టి నోట్‌బుక్‌లో ఎక్కించుకోవచ్చు. పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క పుస్తకంతో సరిచూసిన జవాబు. తప్పిన వాటికి చుక్క పెట్టి మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి మళ్లీ చూసుకోవాలి. రొయ్యల కంపెనీలో పని ముగించుకుని వచ్చిన అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆ నోట్‌బుక్ పట్టుకుని ఒక్కో ప్రశ్నా చదివితే చాలు. విశిష్టోష్ణం అంటే ఏమిటో ఆమెకు తెలియాల్సిన పని లేదు. జవాబు ఆమె బొటనవేలి కింద, మడిచిన పేజీలో ఉంది.