తెరమీది పందెమునకు ఇంటి కంప్యూటరు

సంక్రాంతినాటి యెడ్ల పందెమునకు బండిని సిద్ధపరచు రైతు ఎడ్ల బలమును మాత్రమే చూచి ఊరకుండడు. ఇరుసునకు కందెన వేయును. చక్రములను తట్టి చూచును. కాడి రెండు మెడలపై సమముగా నున్నదో లేదో పరికించును. జతలో ఒక యెద్దు గాలివలె పరుగెత్తినను, రెండవది మందగించినచో బండి ఆ రెండవదాని నడకనే నడచును. ఇంటిలో కూర్చుండి కంప్యూటరు సాయమున దూరదేశములవారితో ఆడు మోటారు పందెమునకును ఈ న్యాయమే వర్తించును.

ఇట్టి పందెమునకు ఉపకరించు సాధనమును సిమ్యులేటరు అందురు. నిజమైన వాహనపు నడతను గణితముచే లెక్కించి, తెరమీదను చేతిలోని చక్రమందును అనుభవమునకు తెచ్చునది సిమ్యులేటరు. ఈ ఆలోచన పాతదే. 1929 ప్రాంతమున అమెరికాదేశపు ఎడ్విన్ లింక్ అనునాతడు, విమానము నడుప నేర్చుకొనువారికై నేలమీదనే ఉండి ఊగుచు తిరుగు ఒక చిన్న విమానమును నిర్మించెను. ఆర్గను వాద్యములు చేయు కర్మాగారమున పని నేర్చినవాడగుటచే, ఆ వాద్యములకు గాలి నిచ్చు తిత్తులనే దాని కదలికలకు వాడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వైమానికు లెందరో అట్టి యంత్రములలోనే తొలిపాఠములు నేర్చిరి. ప్రాణమునకు అపాయము లేకుండ పొరపాట్లు చేసి దిద్దుకొనుటయే దాని ప్రయోజనము.

మోటారు పందెములవారికిని ఆ ప్రయోజనము కలదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున ఫార్ములా వన్ పందెములు నిలిచిపోగా, నిర్వాహకులు తెరమీదనే పందెములను నడిపించిరి. నిజమైన పందెపు చోదకులు కొందరు తమ యిండ్లనుండియే వానిలో పాల్గొనిరి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున విద్యుచ్ఛక్తితో నడచు కార్ల ఫార్ములా ఈ పందెము జరిగెను. ఆ బాట చుట్టుకొలత సుమారు 2.83 కిలోమీటర్లు. ఫ్రాన్సుదేశపు చోదకుడు ఝాన్ ఎరిక్ వెర్న్ అందు విజయము నందెను. పట్టణవీథులు నిత్యము జనుల రాకపోకలకు కావలసినవి; సాధనకై వానిని దినముల తరబడి మూసియుంచుట సాధ్యము కాదు. అందుచేత అట్టి పందెముల చోదకులు ముందుగా సిమ్యులేటరున కూర్చుండి మలుపులను అలవరచుకొందురు.

2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు విశాఖపట్టణము జిల్లాలో భాగమైయుండిన రోలుగుంట వంటి ఊరినుండి ఒక విద్యార్థి ఇట్టి పందెమున చేరగోరినచో ఏమి చేయవలెను? ముందుగా పందెము జరుగు తీరు తెలిసికొనవలెను.

పందెమున ఇరువదిమంది పాల్గొనుచున్నారనుకొందము. వారందరి కార్లను ఒకే యంత్రము నడుపదు. ఎవరి కంప్యూటరు వారి కారు నడతను లెక్కించి, 'నా కారు ఇచ్చట నున్నది, ఇంత వేగముతో ఇటు పోవుచున్నది' అను వార్తను సెకనుకు పలుమారులు సర్వరు అను కేంద్రయంత్రమునకు పంపును. సర్వరు ఆ వార్తను తక్కినవారికి అందించును. రెండు వార్తల నడుమ కాలములో ప్రతి కంప్యూటరును ఎదుటి కారు ఎచ్చట నుండునో ఊహించి తెరపై చూపును. వార్త ఆలస్యమైనచో ఊహ తప్పును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 55 మీటర్లకు పైగా పోవును. సెకనులో పదియవ వంతు కాలమున ఐదున్నర మీటర్లు దాటును. అది కారు పొడవుకన్న ఎక్కువ! కావున వార్త అంతమాత్రము తడబడినను, ఒకరి తెరపై వెనుకనున్న కారు మరియొకరి తెరపై ప్రక్కనే యుండును. ఎవరును తప్పు చేయకయే రెండు కార్లు ఢీకొనును. ఇంటి కంప్యూటరును సిద్ధపరచుట యనగా ఈ ఆలస్యమును చోటుచోట వెదకి తగ్గించుటయే.

మొదటి చోటు కంప్యూటరే. తెరపై బొమ్మ సెకనుకు 60 మారులు మారవలెనన్న, ఒక్కొక్క బొమ్మను గీయుటకు యంత్రమునకు 17 మిల్లీసెకనులకు లోబడిన వ్యవధి మాత్రమే కలదు. ఒంటరిగా నడుపునపుడు సులువుగా గీసిన యంత్రమే, పందెపు ఆరంభమున కార్లన్నియు గుంపుగా మలుపు తిరుగునపుడు తడబడును. కావున పరీక్ష ఆ గుంపునందే చేయవలెను. నీడలు, గడ్డి, జనసమూహము, అద్దములలోని ప్రతిబింబములు మున్నగు అలంకారములను తగ్గించినచో పని తేలికయగును. ఒకమారు 120, మరియొకమారు 40 బొమ్మలు చూపుటకన్న, ఎల్లప్పుడు 60 చూపుట మేలు. పందెమునకు ముందే ఇతర పనులను కట్టివేయవలెను. విండోస్ తనంత తాను తెచ్చుకొను మార్పులను ముందురోజే ముగించుకొనవలెను. ల్యాప్‌టాపును బ్యాటరీమీద నడుపరాదు. కరెంటు తీగ తగిలించియే నడుపవలెను. ఎండకాలమున వేడి, ఏడాది పొడవున దుమ్ము యంత్రమునకు శత్రువులు. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. యంత్రము నాపి, ఫ్యానుల దుమ్మును మెత్తని కుంచెతో దులుపుట ఖర్చు లేని చికిత్స.

రెండవ చోటు మనిషికిని యంత్రమునకును నడుమ నున్నది. టెలివిజనును తెరగా వాడువారు దానియందలి 'గేమ్ మోడ్' అను ఏర్పాటును ఎంచుకొనవలెను. లేనిచో బొమ్మకు మెరుగులు దిద్దుటలో అది కొంత కాలమును వృథా చేయును. తెరలో బాట ఎంత కోణమున కనబడవలెనో దానికిని లెక్క కలదు. 27 అంగుళముల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కంటికి అంతే దూరమున దానిని ఉంచినచో, అది కంటియందు 53 డిగ్రీల కోణము నాక్రమించును. సిమ్యులేటరునందును ఆ కోణమునే ఉంచినచో మలుపు నిజమైన దూరమున కనబడును. కోణమును పెంచినచో వేగము ఎక్కువగా తోచును గాని, బ్రేకు వేయవలసిన తావు తెలియక చోదకుడు మోసపోవును.

స్టీరింగు చక్రములో మోటారు నమర్చి, టైర్లు జారుటను చేతికి తెలియజేయునవి నేడు దొరకుచున్నవి. 900 డిగ్రీలు, అనగా రెండున్నర చుట్లు తిరుగు చక్రమునకు కంప్యూటరులోను సిమ్యులేటరులోను అదే లెక్క చెప్పవలెను. ఆ మోటారు బలమును మితిమీరి పెంచినచో చిన్న జారుటయు పెద్ద జారుటయు ఒకే తీరుగా తోచును. బ్రేకు విషయమున మరియొక భేదము కలదు. సామాన్యమైన పెడలు ఎంత దూరము అణగినదో కొలుచును. లోడ్‌సెల్ గల పెడలు ఎంత బలముతో త్రొక్కబడినదో కొలుచును. కాలు దూరముకన్న బలమునే బాగుగ జ్ఞప్తి నుంచుకొనును. చక్రములుగల కుర్చీ బ్రేకు త్రొక్కగనే వెనుకకు జరుగును. కదలని కుర్చీలో కూర్చుండి, పెడళ్లను గోడకు ఆనించినచో ఆ బాధ తీరును.

మూడవ చోటు వార్తలు పయనించు దారి. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభములమీదుగానే ఫైబరు తీగను ఊరూరికి లాగిరి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ఫైబరుగ్రిడ్ పథకమును ప్రారంభించెను. గాజునారలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. విశాఖపట్టణమునుండి ముంబయి సరళరేఖలో సుమారు 1,100 కిలోమీటర్లు. వార్త పోయి వచ్చుటకు కాంతికే 11 మిల్లీసెకనులు పట్టును. సింగపూరు సుమారు 2,900 కిలోమీటర్లు. అందుకు 29 పట్టును. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు సుమారు 7,400 కిలోమీటర్లు. అందుకు 74 పట్టును. నిజమైన తీగలు వంకరటింకరగా పోవుటచే ఇంకను ఎక్కువ పట్టును. ఎంత ధనము వెచ్చించినను ఈ ఆలస్యమును ఎవరును తగ్గింపజాలరు. కావున దగ్గరి సర్వరును ఎంచుకొనుటయే వివేకము.

ఇచ్చట పలువురు పొరబడు విషయ మొకటి కలదు. ఇంటర్నెట్ వేగము 15 మెగాబిట్లకు బదులు 100 ఉన్నచో పందెము బాగుగ సాగునని తలంతురు. కారు వార్త చాల చిన్నది. చలనచిత్రమును చూచుటకు కావలసినదానిలో స్వల్పభాగము దానికి చాలును. కావలసినది నిలుకడ. ఎల్లప్పుడు 80 మిల్లీసెకనులు పట్టు లైను, 30కిని 200కిని నడుమ ఊగులాడు లైనుకన్న మేలు. వైఫై గోడలు దాటుటలో తడబడును. ఈథర్‌నెట్ తీగను నేరుగా తగిలించినచో ఆ తడబాటు పోవును. ఇంటివారు చలనచిత్రము చూచు సాయంకాలమున ఒకమారు పరీక్షించవలెను. కరెంటు పోవు చోట యు.పి.ఎస్. అవసరము. కంప్యూటరునకు మాత్రమే దానిని తగిలించి, గోడమీది ఫైబరు పెట్టెను మరచినచో, యంత్రము వెలుగుచునే యుండును గాని పందెము తెగిపోవును.

ఇంత శ్రమ ఎవరికొరకు? తనకొరకు మాత్రమే కాదు. తడబడు లైనుతో పందెమున దూకినవాడు, గంటసేపు ఓర్పుతో నడిపిన తోటివారి కార్లను క్షణములో పాడుచేయును. ఐరేసింగ్ అను సిమ్యులేటరున రెండు కార్లు తగిలినచో తప్పెవరిదను విచారణ లేకయే ఇరువురి లెక్కలోను చిక్కులు వ్రాయబడును. ఇందుచేత అపరిచితుని సిద్ధపాటుమీద కూడ తన గౌరవము ఆధారపడియుండును. లైను బాగుపడువరకు ఒంటరిగా కాలముతో పోటీపడుటయో, కంప్యూటరు నడుపు కార్లతో సాధన చేయుటయో మర్యాద. ఖరీదైన యంత్రము లేని విద్యార్థియైనను నిలుకడగా నడచు యంత్రముతో, దగ్గరి సర్వరులో, తీగ తగిలించి కూర్చున్నచో ఎవరికిని తీసిపోని పోటీదారు కాగలడు.

తుదిగా ఒక మాట. తెరమీద కారు పల్టీ కొట్టినను ఒక్క మీట నొక్కిన మరల బయలుదేరును. రోలుగుంటనుండి చోడవరము పోవు దారిలో పశువులు నడచును, బడిపిల్లలు నడచును, చెరకు బండ్లు మలుపులలో ఎదురగును. అచ్చట ఆ మీట లేదు. చట్టము కారు నడుపుటకు 18 ఏండ్ల వయస్సును, అనుమతిపత్రమును కోరుట అందులకే. బ్రేకు ఎంత దూరమునుండి వేయవలెనో సిమ్యులేటరున నేర్చినవాడు, నిజమైన బాటపై వేగమునకు జంకుటను కూడ నేర్చినచో ఆ విద్య సార్థకమగును.