పిల్లల కన్ను ఎర్రబడిందా? చుక్కల మందు వేసే ముందు ఒక్క నిమిషం!



పిల్లల కన్ను ఎర్రబడితే కళ్లకలకే అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు తెస్తాం, లేదా ఇంట్లో మిగిలిన సీసా వాడేస్తాం. చాలాసార్లు అది కళ్లకలకే. కానీ కొన్నిసార్లు నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియాకు హెర్పిస్ వైరస్ సోకి ఉండవచ్చు. అప్పుడు తప్పు మందు వేస్తే చూపుకే ముప్పు.

ఎలా గుర్తించాలి?

ఇది ఎక్కువగా ఒక కంటికే వస్తుంది. నొప్పి, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం దీని లక్షణాలు. పెదవి దగ్గర జ్వరపు పొక్కులు తెచ్చేదీ ఈ వైరస్సే. కంటి డాక్టర్ రంగు మందు వేసి నీలి కాంతిలో చూస్తే, కార్నియాపై చెట్టు కొమ్మల్లా పుండు కనిపిస్తుంది.

ఏ మందు పనిచేస్తుంది?

యాంటీబయాటిక్ చుక్కలు బ్యాక్టీరియాకే, వైరస్‌కు కాదు. అసైక్లోవిర్ వంటి యాంటీవైరల్ మందు వైరస్ పెరగకుండా అడ్డుకుంటుంది. 3 శాతం కంటి ఆయింట్‌మెంట్‌ను సాధారణంగా రోజుకు 5 సార్లు పెడతారు. అవసరమైతే పిల్లల బరువును బట్టి సిరప్ లేదా మాత్రలు ఇస్తారు. చర్మానికి రాసే 5 శాతం క్రీమ్‌ను కంట్లో పెట్టకూడదు.

ఏది ప్రమాదం?

స్టెరాయిడ్ చుక్కలు. సీసాపై డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్ పేర్లుంటే సొంతంగా వేయకండి. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, పుండు మాత్రం పెరుగుతుంది. చివరకు మచ్చ మిగలవచ్చు. మన పెద్దలు ‘కంట్లో పువ్వు’ అనేది ఇలాంటి మచ్చనే. లోపలి పొరలకు వాపు వస్తే డాక్టర్లే యాంటీవైరల్‌తో కలిపి స్టెరాయిడ్ ఇస్తారు, అది వారి పర్యవేక్షణలోనే. ఆకు పసర్లు, తల్లిపాలు కూడా కంట్లో పోయవద్దు.

మళ్లీ వస్తుందా?

రావచ్చు. తగ్గాక కూడా వైరస్ నరాల్లో దాగి ఉంటుంది. 1998లో అమెరికాలో 703 మందిపై వెలువడిన అధ్యయనంలో, ఏడాదిపాటు అసైక్లోవిర్ మాత్రలు వాడిన వారిలో 19 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. వాడనివారిలో ఇది 32 శాతం. అందుకే డాక్టర్ చెప్పేదాకా మందు ఆపకండి.

ఎక్కడ చూపించాలి?

ముందుగా మంచిర్యాలలోనే కంటి డాక్టర్‌ను కలవండి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ముథోల్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కేంద్రం 1996లో మొదలైంది. పెద్ద సమస్యలకు హైదరాబాద్‌లో ఆ సంస్థ ప్రధాన ఆసుపత్రి, ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి.

యూనిట్ టెస్ట్ ఉందని రెండు రోజులు ఆగకండి. క్లాస్ టీచర్‌కు ఫోన్ చేసి చెప్పి, అదే రోజు కన్ను చూపించండి. పరీక్ష మళ్లీ రాయవచ్చు, పోయిన చూపు తేలిగ్గా తిరిగి రాదు.