లక్ష్మి వచ్చిన ఇంటికి కాపలా ఎవరు?

లాటరీ విజేతల చేదు అనుభవాలు – ఉక్కునగర విశ్రాంత కార్మికులకు పాఠాలు

భిలాయి: లాటరీ టికెట్టు ముఖం చూడకుండానే జాక్‌పాట్ అందుకునేవారు ఈ ఉక్కునగరంలో నెలనెలా కనిపిస్తారు. అరవై ఏళ్లు నిండిన కార్మికుడు నెలాఖరున మెడలో పూలదండతో కర్మాగారం గేటు దాటి క్వార్టరుకు చేరుకుంటాడు. అంతవరకు నెల జీతంతోనే గుట్టుగా సంసారం నెట్టుకొచ్చిన ఆ ఇంటి ఖాతాలో భవిష్యనిధి, గ్రాట్యుటీ కలిసి లక్షల రూపాయలు జమ అవుతాయి. అది దశాబ్దాల కష్టార్జితమే తప్ప అదృష్టం కాదు. అయితే అది వచ్చిపడే తీరు మాత్రం అచ్చంగా లాటరీ బహుమతి వంటిదే. ఒకేసారి వస్తుంది, వీధి అంతటికీ తెలిసేలా వస్తుంది, దానిని ఎలా కాపాడుకోవాలో చెప్పేవారు లేకుండా వస్తుంది.

కనుకనే దేశవిదేశాలలోని లాటరీ విజేతల అనుభవాలు ఇక్కడి తెలుగు కుటుంబాలకు కూడా పనికివస్తాయి. ఆ అనుభవాల సారాంశం ఒక్కటే. ఆపద డబ్బులో కంటే, ఆ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసిందన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

చికాగోలో హైదరాబాదీ విషాదం

హైదరాబాద్ నుంచి అమెరికా వలస వెళ్లి, చికాగోలో బట్టల డ్రై క్లీనింగ్ దుకాణాలు నడుపుతున్న 46 ఏళ్ల వ్యాపారి ఒకరు 2012లో ఇల్లినాయి రాష్ట్ర లాటరీలో పది లక్షల డాలర్లు గెలుచుకున్నారు. పెద్ద నమూనా చెక్కు పట్టుకొని ఆయన దిగిన ఫొటో పత్రికలలో వచ్చింది. మొత్తం ఒకేసారి తీసుకోవడానికి అంగీకరించినందున, పన్నులు పోగా దాదాపు 4 లక్షల 25 వేల డాలర్లకు జూలై 19న చెక్కు జారీ అయింది. మర్నాడే ఆయన మరణించారు.

మొదట సహజ మరణమని నమోదు చేసిన అధికారులు, బంధువు ఒకరు పట్టుబట్టడంతో మళ్లీ పరీక్షలు జరిపించగా శరీరంలో సైనైడ్ విషం బయటపడింది. అది హత్యేనని తేల్చారు. 2013 జనవరిలో భౌతికకాయాన్ని సమాధి నుంచి వెలికితీసి తిరిగి పరీక్షించారు. ఏళ్లు గడిచినా హంతకులెవరో తేలలేదు. బహుమతి సొమ్మే హత్యకు కారణమన్న నిరూపణ కూడా లేదు. ఆయన వీలునామా రాయకపోవడంతో ఆస్తి విషయమై కుటుంబ సభ్యులు మాత్రం న్యాయస్థానానికి ఎక్కవలసి వచ్చింది.

ఫ్లోరిడాలో 2006లో మూడు కోట్ల డాలర్ల బహుమతి పొందిన ఒక కూలీ ఉదంతం మరో రకమైనది. అడిగినవారికల్లా ఇస్తూ పోయిన ఆయనకు, ఆస్తి వ్యవహారాలు చక్కబెడతానంటూ ఒక మహిళ స్నేహితురాలిగా దగ్గరైంది. 2009లో ఆయన హత్యకు గురయ్యాడు. ఆ మహిళే హంతకురాలని 2012లో న్యాయస్థానం నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించింది.

కేరళ నేర్చుకున్న పాఠం

మన దేశంలో 1967లో ప్రభుత్వ లాటరీకి శ్రీకారం చుట్టిన కేరళలో సమస్య ఇంతటి ఘోరరూపం దాల్చకపోయినా, తీరు మాత్రం అదే. 2022 ఓణం బంపర్‌లో 25 కోట్ల రూపాయలు గెలిచిన తిరువనంతపురం ఆటో డ్రైవరు వారం తిరగకముందే, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని విలేకరుల ముందు వాపోయారు. సహాయం అర్థిస్తూ జనం ఇంటి ముందు బారులు తీరడంతో సొంత ఇంట్లో నిలవలేక బంధువుల ఇళ్లకు మారవలసి వచ్చింది. విశేషమేమిటంటే అప్పటికి బహుమతి సొమ్ము ఆయన చేతికే రాలేదు.

అందరి నోట నానిన 25 కోట్లు కూడా నిజానికి 25 కోట్లు కావు. ఏజెంటు కమీషన్ 10 శాతం, మిగిలిన దానిపై 30 శాతం ఆదాయపు పన్ను పోగా దక్కేది 15 కోట్ల 75 లక్షలు. ఆ పన్నుపై సర్‌చార్జి, సెస్సు విజేతే తర్వాత విడిగా చెల్లించాలి. అడగవచ్చినవారు మాత్రం పత్రికలో చూసిన అంకెనే మనసులో పెట్టుకుంటారు. ఈ వ్యత్యాసమే 'ఉండి కూడా ఇవ్వలేదు' అన్న నిష్ఠూరానికి మూలమవుతుంది.

2023 మార్చిలో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక వలస కూలీ 75 లక్షల రూపాయల బహుమతి తగిలిందని తెలియగానే టికెట్టుతో నేరుగా మువాట్టుపుళ పోలీసు స్టేషనుకు పరుగెత్తి రక్షణ కోరాడు. నవ్వు తెప్పించినా అది వివేకవంతమైన పనే. అదే సంవత్సరం 16 కోట్ల క్రిస్మస్–నూతన సంవత్సర బంపర్ విజేత తన పేరు వెల్లడించవద్దని లాటరీ శాఖను కోరారు. విజేతలకు పెట్టుబడులు, పన్నుల గురించి ఒకరోజు శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని కూడా కేరళ ప్రభుత్వం 2023లో ప్రారంభించింది.

పొరుగింటిపైనా ప్రభావం

హఠాత్తుగా వచ్చిన డబ్బు మనిషిని తప్పక చెడగొడుతుందనడం సరికాదు. స్వీడన్‌లో పెద్ద బహుమతులు గెలిచినవారిని అయిదు నుంచి ఇరవై రెండేళ్ల తర్వాత పరిశీలించిన ఆర్థికవేత్తలు, వారిలో జీవితం పట్ల సంతృప్తి పెరిగి నిలిచిందని 2020లో ప్రకటించారు. దీనికి భిన్నంగా ఫ్లోరిడాలో 50 వేల నుంచి లక్షన్నర డాలర్ల వరకు గెలిచినవారిపై 2011లో వెలువడిన అధ్యయనం, అప్పుల్లో ఉన్నవారి దివాలాను ఆ సొమ్ము వాయిదా వేసిందే తప్ప తప్పించలేదని తేల్చింది. కెనడాలో జరిగిన మరో పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. విజేత గెలిచిన మొత్తం పెరిగేకొద్దీ అతని పొరుగువారిలో దివాలాలు కూడా పెరిగాయి. పక్కింటి వైభవంతో పోటీపడి అప్పుచేయడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. ఒకే వరుసలో ఒకే రకం క్వార్టర్లున్న టౌన్‌షిప్‌లో ఈ మాట అర్థం కావడానికి పరిశోధన అక్కరలేదు.

భిలాయిలో లెక్క వేరు

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఇక్కడి కార్మికునికి పదవీ విరమణ సొమ్ము వచ్చేసరికి రెండు దిక్కుల నుంచి బంధుత్వాలు పలుకుతాయి. స్వగ్రామంలో అన్నదమ్ముల పొలం తగాదా ఒకవైపు, ఇక్కడ కొడుకు వ్యాపారం, కూతురి పెళ్లి మరొకవైపు. కంపెనీ క్వార్టరు వదలవలసిన సమయమూ అదే.

లాటరీ విజేతకు బహుమతి మిగులు సొమ్ము. విశ్రాంత కార్మికునికి అది జీవితాంతం తినవలసిన అన్నం. గ్రాట్యుటీ చట్టపరిమితిని 2018లో 20 లక్షలకు పెంచినప్పటికీ, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద నెలవారీ రాబడి స్వల్పమే. 2014లో నిర్ణయించిన 15 వేల వేతన పరిమితిపై లెక్కిస్తే, ముప్పై అయిదేళ్ల సర్వీసుకు దక్కేది దాదాపు ఏడున్నర వేలు. లాటరీ విజేత పోగొట్టుకుంటే మునుపటి స్థితికి వస్తాడు. విశ్రాంత కార్మికునికి తిరిగి వెళ్లేందుకు ఆ జీతం కూడా ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో గాని, రెండు తెలుగు రాష్ట్రాలలో గాని ప్రభుత్వ లాటరీలు లేవు. కేరళ టికెట్టు కేరళలోనే కొనాలి, ఆన్‌లైన్‌లో అమ్మడం నిషిద్ధం. అందుచేత 'మీకు లాటరీ తగిలింది, ముందుగా పన్ను కట్టండి' అంటూ ఇక్కడివారికి వచ్చే ఫోను మోసమేనని భావించవచ్చు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేస్తే సొమ్మును బ్యాంకులలోనే నిలిపివేసే అవకాశం ఉంటుంది.

ముందే గీసుకోవలసిన గీత

విజేతల అనుభవాలను బట్టి చూస్తే మొదటి రక్షణ వ్యవధి. సొమ్ము చేతికి వచ్చిన తొలి నెలల్లో ఎవరికీ మాట ఇవ్వకపోవడం, దానిని బ్యాంకులో ఉంచి ఊరుకోవడం ఉత్తమం. అయితే డిపాజిట్లకు బీమా 2020 నుంచి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే వర్తిస్తున్నందున, మొత్తాన్ని ఒకేచోట ఉంచరాదు. అరవై దాటినవారు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల దాకా దాచుకోవడానికి 2023 నుంచి వీలు కలిగింది.

రెండవది భార్యాభర్తలిద్దరూ కలిసి వేసుకునే లెక్క. బంధువుల కోసం ఇంత అని ముందే నిర్ణయించుకొని, ఇచ్చేది అప్పా కానుకా అన్నది ఆనాడే చెప్పేస్తే, అప్పు తిరిగి రాలేదన్న పగ గాని, కానుకను వెనక్కి అడిగారన్న నింద గాని మిగలదు. నామినీ పేర్లు సరిచూసుకోవడం, వీలునామా రాయడం వాయిదా వేయదగిన పనులు కావు. చికాగో కుటుంబం కోర్టుకెక్కింది ఆ ఒక్క కాగితం లేకనే.

మూడవది దస్తావేజు. ముసలితనంలో చూసుకుంటారన్న నమ్మకంతో ఇంటిని పిల్లల పేర రాసేవారు ఆ షరతును పత్రంలోనే పేర్కొనాలి. షరతు తప్పితే ఆ బదిలీని రద్దుచేసే అధికారాన్ని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు 2025 జనవరిలో కుమారునికి ఇచ్చిన దానపత్రాన్ని రద్దుచేసి ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించింది.

బంధువు దగ్గర కాగితం అడగడం మన ఇళ్లలో అమర్యాదగా తోస్తుంది. అయితే పదేళ్ల తర్వాత అదే బంధువు గుమ్మంలోకి సంకోచం లేకుండా రాగలగాలంటే, ఆ కాస్త అమర్యాదను మొదటి రోజునే ఓర్చుకోవడం మేలు.