గురక – పళ్ళ డాక్టరు

మా పక్కింటి బాబాయి బెజవాడ లారీ డ్రైవరు. ఆయన గురక వీధంతా వినిపించేది. హాయిగా నిద్రపోతున్నాడు అనుకునేవాళ్ళం. పిన్ని మాత్రం భయపడేది. మధ్యలో గురక ఆగేది, ఊపిరీ ఆగేది. అంతలో ఉలిక్కిపడి గాలి పీల్చేవాడు. పగలు స్టీరింగు మీదే కునుకు!

నిద్రలో నాలుక వెనక్కి జారితే గొంతులో గాలిదారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరాడదు. రాత్రికి ఎన్నోసార్లు ఇలా అవుతుంది. బి.పి. కూడా పెరుగుతుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు.

ముందు డాక్టరుకు చూపించి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. జబ్బు మరీ ముదరకపోతే పళ్ళ డాక్టరు అచ్చు తీసి, పళ్ళకు తొడుగు చేస్తారు. రాత్రి పెట్టుకుంటే అది కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. గాలిదారి తెరుచుకుంటుంది. మొదట్లో దవడ నొప్పి పుడుతుంది, చొంగ కారుతుంది. పళ్ళు ఊడినవారికి తొడుగు సరిగా నిలవదు. జబ్బు ముదిరితే గాలి పంపే మిషను కావాలి.

విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పరీక్ష కాగితాలు తీసుకెళ్ళి అక్కడ అడగండి.