స్నేహితుడే ఎందుకు పిలుస్తాడు?

డిగ్రీ పూర్తయి ఏడాది దాటింది, ఉద్యోగం లేదు. ఒకరోజు ఇంటర్‌లో కలిసి చదివిన స్నేహితుడు ఫోన్ చేస్తాడు. "మంచి అవకాశం ఉందిరా. ఫోన్లో చెప్పేది కాదు, ఆదివారం వచ్చెయ్." వెళ్తే ఓ హోటల్ హాలు, సూటు వేసుకున్న వక్త, తెర మీద కార్ల ఫొటోలు, చప్పట్లు. చివర్లో కట్టాల్సిన సొమ్ము ఎంతో చెబుతారు.

ఉద్యోగమిచ్చేవాళ్లు మన దగ్గరే డబ్బు ఎందుకు అడుగుతారు? అక్కడ ఉద్యోగం లేదు కాబట్టి. అది గొలుసుకట్టు స్కీము, అందులో పైవాడికి అందే కమీషన్ కొత్తగా చేరినవాడు కట్టిన సొమ్మే. సరుకో, ఆన్‌లైన్ కోర్సో పేరుకు ఉంటుంది. స్కీముతో సంబంధం లేని మనిషి దాన్ని ఆ ధరకు కొంటాడా? కొనడనిపిస్తే అమ్ముడవుతున్నది సరుకు కాదు, సభ్యత్వం.

"ఇద్దర్నే చేర్చు, ఎడమ ఒకరు, కుడి ఒకరు" అంటారు. తేలికే అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూద్దాం. ఒకరి కింద ఇద్దరు, వాళ్ల కింద నలుగురు. పదో వరుసకు మొత్తం 1,023 మంది. అందులో 512 మంది అట్టడుగునే ఉంటారు, కట్టడమే తప్ప వాళ్లకు పైసా రాదు. రావాలంటే ఇంకో 1,024 మంది చేరాలి. అలా 27వ వరుస నిండేసరికి 13 కోట్ల 42 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా ఎనిమిదిన్నర కోట్లు లేరు. ఏ వరుస నిండాక గొలుసు తెగినా, చేరినవాళ్లలో సగానికి పైగా చివరి వరుసలోనే ఉంటారు. కష్టపడలేదు కాబట్టే నష్టపోయావన్న మాట అందుకే పచ్చి అబద్ధం.

2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే గొలుసుకట్టు సంస్థ మీద కేసు పెట్టి దాని వ్యవస్థాపకుణ్ని అరెస్టు చేశారు. ఈ-లెర్నింగ్ ప్యాకేజీ పేరుతో మనిషికి 16 వేలకు పైగా కట్టించుకున్నారని, బాధితుల్లో ఎక్కువమంది విద్యార్థులు, నిరుద్యోగులేనని పోలీసులు చెప్పారు.

మరి ఇంతమంది మోసపోయినా బయటికి ఎందుకు చెప్పరు? నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అప్పు చేసి కట్టిన కుర్రాడు ఆ డబ్బు రాబట్టుకోవడానికి తన స్నేహితుణ్నో, బావమరిదినో తీసుకెళ్తాడు. ఆ రోజు నుంచి అతను బాధితుడే కాదు, మోసంలో భాగస్వామి కూడా. ఇక నోరు పెగలదు. పరిచయమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే ఎవరూ ఇవ్వరు, అందుకే స్నేహితుడితో పిలిపిస్తారు. పైగా ఇలాంటి వాటిపై ఉన్న 1978 నాటి మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం స్కీము నడిపేవాళ్లకే కాదు, సభ్యులుగా చేరేవాళ్లకూ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. ఈ సంగతి ఆ హాల్లో ఎవరూ చెప్పరు.

కాబట్టి పిలుపు వస్తే సంస్థ పేరు, చేయాల్సిన పని, జీతం ఫోన్లోనే అడగండి. చెప్పకపోతే వెళ్లొద్దు. వెళ్లినా అక్కడికక్కడే కట్టొద్దు, ఇంటికొచ్చి అమ్మానాన్నలతో మాట్లాడండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇంకొకరిని చేర్చి రాబట్టుకుందామని చూడకండి. రసీదులు, వాట్సాప్ సందేశాలు భద్రపరిచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మీరు చేర్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళే వాళ్లకు ఫోన్ చేసి ఇంకెవర్నీ చేర్చొద్దని చెప్పండి.