పాత మీటరు నేర్పిన పాఠము

వైద్యునకు రోగి నాడి యెట్టిదో, మోటారు బండ్లను బాగుచేయు మెకానిక్కునకు విద్యుత్తును కొలుచు మీటరులోని ముల్లు అట్టిది. ముల్లు అబద్ధమాడినచో మెకానిక్కు మోసపోవును. ఈ సంవత్సరము అట్టి పాత మీటరొకటి మా ప్రయోగశాలలో చెడి, మా చేతులతోనే మరల బాగుపడినది. ఆ విధము మా తోడి విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియజేయుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన హైదరాబాదులో 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమయ్యెను. ఆ కాలపు బండ్లలో బ్యాటరీని నింపుటకు డైనమో యుండెడిది. ఆల్టర్నేటరు తరువాత వచ్చినది. డైనమో చాలినన్ని ఆంపియర్లను ఇచ్చుచున్నదా, బ్యాటరీలో తగినన్ని వోల్టులు ఉన్నవా యని చూచుటకు మెకానిక్కులు ముల్లుగల మీటర్లను వాడెడివారు. నేడు మన నాగోల్ నుండి 25,000 వోల్టుల పైతీగల క్రింద మెట్రో రైలు నడచుచున్నది. ఆ మార్గమునకు చేరువలోనే, 12 వోల్టుల బ్యాటరీలతో జీవితము గడపిన వృద్ధ మెకానిక్కు ఒకరు కలరు. వారు తమ మీటరును మా తరగతికి చూచుటకై ఎరువిచ్చిరి.

అది నల్లని బేకలైటు పెట్టె. 20 వోల్టుల వరకు, 20 ఆంపియర్ల వరకు కొలుచును. ఏది కొలువవలెనో నిర్ణయించుటకు ఒక మీట కలదు. లోపల గుఱ్ఱపు లాడము వంటి అయస్కాంతమును, దాని కొనల నడుమ సన్నని తీగచుట్టయు నున్నవి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అది తిరుగును. దానికి అంటియున్న ముల్లు కదలును. వెండ్రుకవంటి రెండు స్ప్రింగులు దానిని మరల సున్నకు తెచ్చును. ఇట్టి యమరికను ఫ్రాన్సు దేశమున దార్సన్వాల్ గారు 1882 ప్రాంతమున రూపొందింపగా, అమెరికాలో వెస్టన్ గారు 1888లో దానిని చేతితో మోయదగిన మీటరుగా చేసిరి.

మా మీటరులోని తీగచుట్ట నిరోధము 50 ఓములు. ఆంపియరులో వెయ్యవ వంతు ప్రవహించిన చాలును, ముల్లు చివరి గీటును చేరును. మరి 20 ఆంపియర్లను ఎట్లు కొలుచును? వర్షాకాలమున మూసీ నీరంతయు ఒక పిల్లకాలువలో పట్టదు గదా! నదికి నదిని విడిచి, పిల్లకాలువలోని నీటినే కొలిచి, ఆ లెక్కచొప్పున మొత్తమును తెలిసికొనవచ్చును. అటులనే తీగచుట్ట ప్రక్కన షంటు అను లావుపాటి లోహపు పట్టీ యుండును. దాని నిరోధము 0.0025 ఓము మాత్రమే. విద్యుత్తు దాదాపు అంతయు దానిగుండ పోవును. వోల్టులను కొలుచునపుడు మీట షంటును తొలగించి, 19,950 ఓముల నిరోధమును తీగచుట్టకు వరుసగా చేర్చును. 50తో కలిసి 20,000 ఓములు. 20 వోల్టులకు సరిగా వెయ్యవ వంతు ఆంపియరు.

ఒక ఉదయము మీటరు ముల్లు వంగి, గాజునకు తగిలి, కదలక యుండెను. ఎవరిని అడిగినను తెలియదనిరి. క్రిందపడి యుండునని తలచి, గాజును విప్పి, సన్నని పట్టుకారుతో ముల్లును మెల్లగా సరిచేసితిమి. మీటకు పట్టిన చిలుమును తుడిచితిమి. వోల్టులు సరిగా చూపెను గాని, ఆంపియర్ల వైపు త్రిప్పి కొద్ది విద్యుత్తును పంపినంతనే ముల్లు చివరకు దూకుచుండెను. స్ప్రింగు బలహీనమైనదనుకొంటిమి. రెండు దినములు వ్యర్థమైనవి.

మూడవ దినమున మాలో ఒకడు కన్నీటితో ఉపాధ్యాయుని యొద్దకు వచ్చి, కాలిన రెండు తీగలను బల్లపై నుంచెను. మీటను వోల్టులవైపు త్రిప్పుట మరచి, తీగలను బ్యాటరీకి తగిలించితిననియు, పొగ రాగా లాగివేసి, వేరు తీగలు అమర్చితిననియు ఒప్పుకొనెను. అది వినగానే కారణము తేటపడినది. షంటు నిరోధము అత్యల్పమగుటచే బ్యాటరీనుండి విపరీతమైన విద్యుత్తు ప్రవహించి, ఆ వేడికి షంటు ఒక కొన టంకము కరగినది. కంటికి అతుకుకొనియున్నట్లే కనబడెను గాని, అతుకు విడిపోయినది. తోడనే 12 వోల్టులును తీగచుట్టపై పడినవి. 12ను 50చే భాగించిన 0.24 ఆంపియరు, అనగా అది ఓర్వదగినదానికి 240 రెట్లు! తీగలను వెంటనే లాగుటచేతనే తీగచుట్ట దక్కినది.

షంటు కొనను గీకి శుభ్రపరచి టంకము వేసితిమి. రెండవ కొనన టంకము లావుగా, మొరటుగా నుండుట అప్పుడే చూచితిమి. పిదప 60 వాట్ల హెడ్‌లైటు బల్బును వెలిగించి, మా మీటరును ఒక మంచి డిజిటల్ మీటరుతో వరుసగా కలిపితిమి. అది 4.8 ఆంపియర్లనగా మాది 5.5 చూపెను. షంటును మునుపటికంటె చివరన అతికించుటచే దాని పొడవును, నిరోధమును హెచ్చినవి. ముల్లును కొంచెము వెనుకకు వంచిన సరిపోవునని కొందరంటిమి. "ముల్లును వంచినచో ఒక్క గీటు దగ్గర నిజము చెప్పి తక్కినచోట్ల అబద్ధము చెప్పును" అని ఉపాధ్యాయులు వారించిరి. టంకము విప్పి మరల వేసితిమి. ఈ మారు 5 చూపెను. "5 ఆంపియర్ల దగ్గర 0.2 ఎక్కువ చూపును" అని చీటి వ్రాసి పెట్టె అడుగున అంటించితిమి.

ఇట్టి పని చేయదలచువారు కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకొనవలయును. అయస్కాంతమును ఊడదీయరాదు, పాత అయస్కాంతములు అట్లు చేసిన బలము తగ్గును. ఇనుపరజను దగ్గరకు రానీయరాదు. చీకటిలో వెలుగు అంకెలుగల పాత పరికరములలో రేడియము రంగు ఉండవచ్చును. వాటిని విప్పనే రాదు. ఇంటిలోని 230 వోల్టుల విద్యుత్తునకు ఈ మీటరును ఎన్నడును తగిలింపరాదు.

మీటరును తిరిగి ఇచ్చుటకు మేమందరము వెళ్లితిమి. తప్పు చేసిన బాలుడే దానిని చేతబట్టుకొని, జరిగినది తానే చెప్పెను. వృద్ధుడు చీటి చదివి, పెట్టె విప్పి చూచి నవ్వెను. "గీ లావు టంకం చూసిండ్రా? గది నేను ఏసిందే బిడ్డా. నేను గూడ గిట్లనే కాలవెట్టిన. మా ఉస్తాదుకు చెప్పనీకి నాకు వారం పట్టింది. నీకు రెండు దినాలే పట్టింది" అనెను.

చెడిన వస్తువును బాగుచేయుటకు టంకము కావలయును, లెక్క కావలయును. కాని యేమి జరిగినదో చెప్పువాడు లేనిదే ఆ రెండును ఎచ్చట ప్రయోగింపవలెనో తెలియదని మేము ఈ సంవత్సరము నేర్చుకొంటిమి.