పోరాట చిత్రాల్లో ఎవరి ముఖం, ఎవరి మాట?

బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో, మిట్టేమరి వంటి ఊళ్ళలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇక్కడి విద్యార్థికి తెలుగు విస్తారంగా వినిపించే వేదికల్లో సినిమా ఒకటి. కాబట్టి పోరాటగాథలను చూపిన చిత్రాల్లో ఎవరు కనిపించారు, ఎవరి తెలుగు వినిపించింది అన్న ప్రశ్న మనకు పరాయిది కాదు.

కృష్ణ కథానాయకుడుగా 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' 1922-24 నాటి మన్యం తిరుగుబాటు కథ. అందులో నాయకుని తేజస్సు ముందు మన్యం ప్రజలు చాలావరకు వెనుక నిలిచే సమూహంగానే మిగిలిపోయారు. రాజు అనుచరుల్లో గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు. మల్లు దొర 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు. ఆయన జీవితం ఒక్కటే ఒక చిత్రానికి చాలును!

ఈ విషయంలో 1979 నాటి 'మా భూమి' వేరు దారి తొక్కింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిజాం రాజ్యంలో వసూలు చేసిన ధాన్యపు లెవీ, దొరల వెట్టి, భూముల ఆక్రమణ కలిసి రైతును తిరగబడేటట్లు చేశాయి. 1946లో రాజుకున్న ఆ సాయుధ పోరాటం 1951లో విరమించబడింది. చిత్రానికి మూలం కృషన్ చందర్ ఉర్దూ నవల, దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. ఇన్ని భాషల చేతులు కలిసిన చిత్రంలోనే తెలంగాణ పల్లె పలుకు ఇంత నిండుగా వినిపించడం గమనించదగ్గది. అంతకుముందు మన తెరపై మాండలికం ఎక్కువగా హాస్యగాడి సొత్తు. ఇక్కడ రామయ్య (సాయిచంద్) దుఃఖమూ కోపమూ కూడా ఆ భాషలోనే పలుకుతాయి. పట్నం చేరిన అతనికి లోకం తెలియజెప్పేవాడు మక్బూల్ అనే ముస్లిం కార్మికుడు. నిజాం వ్యతిరేక పోరాటాన్ని మతాల తగాదాగా చూపకపోవడం ఈ చిత్రానికి గౌరవం.

లోపం లేదనలేం. లంబాడీ యువతి చంద్రి కథ రామయ్య గాయంగానే ముగుస్తుంది. ఆమె ఏం చేసిందన్నది తెరకెక్కలేదు. పాలకుర్తి ఐలమ్మ వంటి స్త్రీల పాత్ర ఎంతటిదో అందరికీ తెలిసిందే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పేర ఆ స్త్రీల నోటి మాటలనే గ్రంథస్థం చేసింది. నర్సింగరావు తానే దర్శకుడై తీసిన 'దాసి' (1988) గడీలోని స్త్రీని కథకు కేంద్రం చేసింది. దానికి అర్చన జాతీయ ఉత్తమ నటి అయింది.

ఇక కొమురం భీం. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగిన గోండు వీరుడు. 2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.' ఆయన పేరును ప్రపంచమంతా వినిపించింది గాని, కథ కల్పితం. శత్రువు నిజాం కాదు, ఆంగ్లేయుడు. ఆయన మాతృభాష గోండికి అందులో దక్కిన చోటు స్వల్పం. తమ మాట తెరపై లేదని మనం నొచ్చుకునేటప్పుడు, మన తెర ఇతరుల మాటకు ఎంత చోటిచ్చిందో కూడా అడగాలి కదా!

మిట్టేమరికి పొరుగునున్న గౌరిబిదనూరు తాలూకాలో విదురాశ్వత్థం ఉంది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జాతీయ జెండా కోసం గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ నేల కన్నడం, తెలుగు రెండూ కలగలిసి బతికేది. ఆ ఘటనను నిజాయితీగా తెరకెక్కించేవారు సంభాషణలను ఒక్క భాషలో రాయలేరు.